ఆటోఫోకస్ గారికి, మట్టిగోడ ముందు నుంచి

మహారాజశ్రీ ఆటోఫోకస్ గారికి,

నా ఫోన్ కెమెరాలోనే కాపురముంటూ నా మాట ఒక్కటి తప్ప అందరి మాటా వినే తమకు నమస్కారాలు. పోయిన ఆదివారం తమరు వెలగబెట్టిన ఘనకార్యం గురించి ఈ నాలుగు ముక్కలు.

చంద్రగిరి కోట కొండ కనిపించే పల్లెలో మా అవ్వ ఇంటి పాత మట్టిగోడ తమకు గుర్తుండే ఉంటుంది. ఎందుకుండదు, తమరు చూసిందల్లా దాన్నేగా! గోడ నిండా పెన్సిల్ పట్టేంత బొక్కలు. అందులో తుట్టె పెట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగల గూళ్లు. పదకొండు గంటల ఎండలో ఒక బొక్క ముందు ఒక ఈగ గాల్లో నిలబడింది. ఒళ్లంతా నలుపు. రెక్కలు మొదట్లో మసి, చివర్లో గాజు. అలాంటిదాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

అంతకుముందే కింద దుమ్ములో వాలి తోక ఆడించింది. సరదాకి కాదు, గుడ్లకు పూయడానికి తోక చివరి సంచిలో మట్టి నింపుకుంటుంది. తర్వాత పైకి లేచి, బొక్కకు గురిచూసి తోక విదిలిస్తూ గుడ్లు విసిరింది, హుండీలో చిల్లర విసిరినట్టు. ఒకటి, రెండు, మూడు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పాక్కుంటూ లోపలికి పోయి, తేనెటీగ పిల్లను తిని పెరుగుతుంది. తిరుపతి వాడికి నిలబడటం కొత్త కాదు. గంటలు గంటలు నిలబడితే దర్శనం ఒక్క క్షణం, ఈలోపే ‘జరగండి జరగండి’ అంటారు. ఇక్కడ జరగమనేవాళ్లు కూడా లేరు. అయినా ఆ క్షణంలో తమరు కళ్లు తిప్పుకుని, గోడలోని గడ్డిపరకను చూసి మురిసిపోయారు.

మొత్తం నలభై ఏడు ఫోటోలు. ముప్పై గోడవి. పదకొండింటిలో ఈగ ఉంది, విభూది రేఖలా. నాలుగు నా బొటనవేలివి. ఒకటి, మా అవ్వ వెనక నుంచి వచ్చి ‘ఏమి నాయనా, గోడకు ఫోటోలు తీస్తా ఉండావు, సర్వేకొచ్చినావా?’ అన్నప్పుడు ఉలిక్కిపడి తీసింది. అందులో ఆకాశం అద్భుతంగా వచ్చింది. మిగిలినదాంట్లో ఈగ కాస్త ఈగలా ఉంది.

పురుగుల గురించి తెలిసిన ఒక మాస్టారికి అన్నీ పంపాను. ఆయన అడిగినవి మూడే. తమరి పుణ్యమా అని ఒక్కదానికే జవాబివ్వగలిగాను. రెక్కలెన్ని? రెండు. తేనెటీగకైతే నాలుగుంటాయి, కాబట్టి తేనెటీగ వేషం కట్టినా ఇది ఈగే. (రెండో జత ఉండాల్సిన చోట బుల్లి గదల్లాంటివి ఉంటాయి, ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా. అంజనాద్రి కింద ఉండేవాళ్లకు గద గురించి చెప్పాలా!) కళ్లు నడినెత్తిన కలిశాయా, విడిగా ఉన్నాయా? తెలీదు సార్. రెక్కలోని ఈనెలు ఎక్కడ చీలి ఎక్కడ కలిశాయి? తెలీదు సార్. అసలు కీలకమంతా ఆ ఈనెల్లోనే ఉందట. ఇది చేరే బాంబిలిడే అనే ఈగల కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద నాలుగున్నర వేలకు పైగా జాతులున్నాయి. నలుపు చూసి పేరు పెట్టేస్తామంటే కుదరదు. 1920లో మన దేశపు ఈగల మీద సంపుటం రాసిన బ్రునెట్టి ముందు సూదికి గుచ్చిన ఈగలుండేవి, అవి కదలవు. నాకేమో తమరున్నారు.

కాసేపాగి మాస్టారు ఇంకో మెసేజ్ పెట్టారు: ‘గోడలోది వరిగడ్డి. అది మాత్రం ఖాయంగా చెప్పగలను.’

చివరికి, ‘మట్టిగోడ దగ్గర తిరుగుతోంది, నలుపు ఉంది, ఆంత్రాక్స్ అయ్యుండొచ్చు, ఒట్టేసి చెప్పను’ అన్నారు. అది ఈగల ప్రజాతి పేరు. గ్రీకులో బొగ్గు అని అర్థం, 1763లో పెట్టారు. సంతోషం పట్టలేక ‘అమ్మా, ఆంత్రాక్స్ దొరికింది’ అని అరిచాను. గొర్రెలకొచ్చే దొమ్మరోగానికీ అదే పేరని మా అమ్మకు తెలుసు. ఆ సాయంత్రం తమరికి డెట్టాల్‌తో జరిగిన అభిషేకానికి కారణం ఇదే. తమరి కంట్లో ఇప్పటికీ ఉన్న ఆ మసకకు క్షమించాలి. ఉన్న చూపుకు అదేం పెద్ద తేడా అనిపించలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ముందే బొక్క అంచు మీద వేలితో నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, ఈగ తనంతట తానే అక్కడికి వచ్చేదాకా కూర్చుంటాను. తమరు హాయిగా నిద్రపోవచ్చు. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, అది వాలినప్పుడు రెక్క పరిచింది ఒకటి, చాలు.

ఆలస్యం చేయడానికి లేదు. ఉగాదికి ఆ గోడకు బొక్కలన్నీ మూసి సున్నం కొట్టిస్తానని అవ్వ కూలివాళ్లతో మాట్లాడేసింది.

ఇట్లు,
తమరి ఈఎంఐ ఇంకా కడుతున్నవాడు,
తిరుపతి