వాళ్ళు లేరు

అమెరికాలో జాతివివక్ష పోయిందా అని అడిగితే తడుముకోకుండా పోయిందనే చెబుతాను. మొన్న డాలస్‌లో ఓ గృహప్రవేశానికి వెళ్ళాను. వ్రతం అయింది, పులిహోర వడ్డిస్తున్నారు. ఇంటాయన ఏరియా గొప్పలు చెబుతూ "స్కూల్ రేటింగ్ తొమ్మిది. మనవాళ్ళవే నలభై ఇళ్ళు" అని, కాస్త గొంతు తగ్గించి "వాళ్ళు లేరు" అన్నారు.

చూశారా ప్రగతి! ఇరవై ఏళ్ళ కిందట ఇదే మాట గట్టిగా అనేవాళ్ళు.

"వాళ్ళంటే ఎవరు డాడీ?" అని వడ్డిస్తున్న కొడుకు అడిగాడు. ఇక్కడే పుట్టిన పిల్లాడు, పాపం. "నువ్వెళ్ళి అప్పడాలు పట్రా" అన్నారు.

ఈ విషయంలో మనది పాత సంప్రదాయమే. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ అమెరికా సైన్యంలో పనిచేశాడు. ఆయన పౌరసత్వం కేసు 1923లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. చర్మం రంగు చూసి పౌరసత్వం ఇవ్వడం ఏం న్యాయం అని ఆయన అడగలేదు. నేను అగ్రకుల ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అన్నాడు. సామాన్యుడి కంటికి నువ్వు తెల్లవాడిలా కనపడవు, పొమ్మంది కోర్టు. 2017లో కాన్సాస్‌లో తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినవాడు కూడా అలాంటి సామాన్యుడే. గోత్రం అడగలేదు.

1946 తర్వాత అమెరికాకి వలస రావడానికి మన దేశానికిచ్చిన కోటా ఏడాదికి వందమంది. ఆ గృహప్రవేశానికి వచ్చినవాళ్ళే అంతకంటే ఎక్కువ. 1965 మార్చిలో అలబామా రాష్ట్రంలోని సెల్మా ఊరి వంతెన మీద నల్లజాతివాళ్ళు ఓటుహక్కు కోసం లాఠీదెబ్బలు తిన్నారు. ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చింది. అదే ఊపులో అక్టోబరులో వలస చట్టం మారి మనకి తలుపు తెరుచుకుంది. వాళ్ళ రుణం తీర్చుకోలేనిది. అందుకే తీర్చుకోవట్లేదు.

ఇండియాలోనూ పని దాదాపు పూర్తయింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది ఓ పెళ్ళిసంబంధాల వెబ్‌సైటు రంగు ఫిల్టర్ తీసేసింది. మా పిన్ని ఏమాత్రం టెన్షన్ పడలేదు. "ఫొటో పెడతారు కదరా" అంది.

ఇక మిగిలిందల్లా చిల్లర పనే. కులవివక్ష కుదరదని 2023లో సియాటిల్ నగరం చట్టం చేస్తే మనలో కొందరు నొచ్చుకున్నారు, లేనిదానికి చట్టమెందుకని. నిజమే కదా! ఆ నలభై ఇళ్ళ "మనవాళ్ళ"తో కాసేపు మాట్లాడాను. ఇంటిపేరు చెప్పగానే ఒకాయన మొహం వెలిగిపోయింది, "మీరూ మనవాళ్ళేనా!" అని. ఇంకొకతను పేరు మాత్రమే చెప్పి ఊరుకున్నాడు. ఇంటిపేరేంటని మరో రెండుసార్లు, ఎంతో ఆప్యాయంగా, అడిగారు.

బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర నా చెప్పులు వెతికిస్తూ ఆ పిల్లాడు మళ్ళీ పట్టుకున్నాడు. "అంకుల్, వాళ్ళంటే ఎవరు?"

కారు అడ్డంగా పెట్టొచ్చిన సంగతి నాకప్పుడే గుర్తొచ్చింది.