శాపానికి అభ్యంతరం లేదు, దురదతోనే చిక్కు

మంత్రగత్తెలను అదుపులో పెట్టడానికి ఇంగ్లండు పార్లమెంటు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. 1542లో ఒక చట్టం చేసింది. అది చాలక 1563లో ఇంకొకటి, అదీ చాలక 1604లో జేమ్స్ రాజుగారి ఏలుబడిలో మరింత పదునైనది. 1735 నాటికి ఏలినవారికి జ్ఞానోదయమై, మంత్రాలనేవే లేవనీ, వచ్చినట్టు నటించడమే నేరమనీ తేల్చి, ఏడాది జైలుతో సరిపెట్టారు. ఉరికొయ్యలూ జైలు గదులూ చర్చి ప్రసంగాలూ కలిసి సాధించలేని ఘనకార్యాన్ని మన కాలంలో ఒక స్టిక్కర్ సాధించింది. సువాసన కొవ్వొత్తి అడుగున అంటించే హెచ్చరిక స్టిక్కర్ అది. దాని గురించీ, దాని బరువు కింద నలుగుతున్న ఒక పేగన్ కుటుంబం గురించీ తెలుగు పాఠకులకు నివేదించడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

పేగన్లంటే, యూరప్‌లో క్రైస్తవం రాకముందు కొలిచిన దేవతలను మళ్లీ కొలుస్తామనే వారు. చెట్టూ పుట్టా చంద్రుడూ ఋతువులూ వారికి పూజ్యం. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 74 వేల మంది తమ మతం పేగన్ అని రాయించుకున్నారు. మరో 13 వేల మంది అందులోనే ఒక శాఖ అయిన విక్కా పేరు రాయించుకున్నారు. విక్కా వారిలో చాలామంది తమను తాము మంత్రగత్తెలమని సగర్వంగా చెప్పుకుంటారు, సంచుల మీద అచ్చు వేయించుకుంటారు. మన పల్లెల్లో ఇదే ముద్ర ఇతరులు వేస్తారు. వేయించుకున్నవారు ఒక్కోసారి తెల్లవారేసరికి ప్రాణాలతో ఉండరు. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు కాబట్టి ముందుకు వెళదాం.

ఈ విక్కాను లోకానికి చాటిన జెరాల్డ్ గార్డ్‌నర్ మలయాలో కస్టమ్స్ అధికారిగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. 1951లో ఆ 1735 నాటి చట్టం రద్దు కాగానే, 1954లో పుస్తకం అచ్చు వేయించి ధైర్యంగా బయటపడ్డాడు. కస్టమ్స్ అధికారి చేతుల మీదుగా వెలుగు చూసిన మతంలో సరుకుకు లేబుల్ లేనిదే ముక్తి లేదంటే, దాన్ని ఆచారంగానే స్వీకరించాలి గాని ఆశ్చర్యపోకూడదు.

ఇక కుటుంబం సంగతి. ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ అనే ఊరికి కొద్ది దూరంలో, మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు వారిది. ఆవిడ మంత్రగత్తె. ఆయన పగలు కౌన్సిల్ కార్యాలయంలో చెట్లు కొట్టేందుకు వచ్చే దరఖాస్తులు పరిశీలిస్తాడు, రాత్రి చెట్లకు మొక్కుతాడు. బహుశా పగటి సంతకాలకు రాత్రి ప్రాయశ్చిత్తం కావచ్చు. పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, మైనం వాసనకు అలవాటు పడిపోయిన ఒక నల్ల పిల్లి. వంటింట్లోనే వ్యాపారం: కొవ్వొత్తులు, సబ్బులు, ఎండిన మూలికల పొట్లాలు. గ్లాస్టన్‌బరీ ప్రధాన వీధిలో అడుగుకో స్ఫటికాల దుకాణం ఉంది కాబట్టి అక్కడ అమ్మడం గగనం. అందుకని ఆన్‌లైన్‌లో అమ్ముతారు.

పూజాపీఠం వంటింట్లో ఉత్తరపు గోడ పక్కన ఉంది. వారి లెక్కలో తూర్పు గాలిది, దక్షిణం అగ్నిది, పడమర నీటిది, ఉత్తరం భూమిది. అగ్నిని ఆగ్నేయం నుంచి కదిలించారు కాబట్టే ఆ ఇంట్లో పొయ్యి మీద మైనం పొంగుతోందని, గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న మా అమ్మ అభిప్రాయం. ఆ వంటింట్లో చదునుగా ఉన్న స్థలం ఆ పీఠం ఒక్కటే కావడంతో అయిదు కోణాల నక్షత్రం చెక్కిన పళ్లెం మీద డిజిటల్ త్రాసు వెలిసింది. పానపాత్రలో పెన్నులు, కత్తెర. దేవీ విగ్రహం వెనక్కి జరిగి, బుడగల ప్లాస్టిక్ చుట్టల మధ్య నుంచి తొంగిచూస్తూ ఉంటుంది. ఆ ఇంట్లో ప్రతిరోజూ తప్పకుండా జరిగే పూజ మధ్యాహ్నం మూడింటికి. పార్సెల్ బండి వచ్చే వేళ అది.

పేగన్ మతానికి గుండెకాయ ఋతుచక్రం. ఏడాదికి ఎనిమిది పండుగలు: సావిన్‌తో మొదలై యూల్, ఇంబోల్క్, ఓస్టారా, బెల్టేన్, లీథా, లూనసా, మేబన్. వీటిలో మేబన్ అనే పేరు 1970లలో ఎయిడన్ కెల్లీ అనే అమెరికన్ పెట్టిందే. దాన్ని చూపి ఎగతాళి చేసే తెలుగువారు అక్షయ తృతీయకు బంగారం కొనాలని తమ ముత్తాతకు ఎవరు చెప్పారో ఒకసారి కనుక్కోవాలి. ఈ చక్రం చెప్పేది ఒక్కటే. ఏ ఋతువులో ఉన్నావో ఆ ఋతువులో ఉండు. ఆకు రాలేటప్పుడు రాలడం చూడు, మొగ్గ తొడిగేటప్పుడు మొగ్గను చూడు. మాట చాలా అందంగా ఉంది. అయితే ఈ ఉపదేశం చేసినవారు ఎన్నడూ కొవ్వొత్తులు అమ్మలేదు.

సోయా మైనంతో చేసిన కొవ్వొత్తికి పోసిన తరువాత రెండు వారాలైనా విశ్రాంతి ఇవ్వాలి. అప్పుడు గాని వెలిగించినప్పుడు గది నిండా వాసన రాదు. కొనేవారు పండుగకు నెల ముందు నుంచే వెతుకుతారు. ఆలోగా ఫోటోలు తీయాలి, వర్ణన రాయాలి. వెనక్కి లెక్కవేసుకుంటూ వస్తే, డిసెంబరు యూల్‌కు పని మొదలయ్యేది ఆగస్టులో. కిటికీ బయట గోధుమ చేలు కోతకు వచ్చి, లూనసా నాడు కొత్త పంటకు మొక్కవలసిన వేళ, ఈ ఇంట్లో దాల్చినచెక్క, దేవదారు వాసనలతో నడిమంచు కాలం. పిల్లవాడు చెడ్డీ వేసుకుని, చెమటలు కక్కుతూ, మంచు రేకుల బొమ్మలున్న రిబ్బన్లు కత్తిరిస్తాడు. డిసెంబరు మంచులో వసంతపు పూల వాసన. ఏప్రిల్ వానల్లో నడివేసవి. ప్రకృతితో అడుగు కలిపి నడుస్తామని దీక్ష పట్టిన కుటుంబం ప్రకృతి కంటే నాలుగు నెలలు ముందు నడుస్తోంది. ఇంకొంచెం వేగం పెంచితే వెనక నుంచి వచ్చి కలుసుకునే అవకాశం లేకపోలేదు.

ఆవిడ మైనం పోయడం చూడదగ్గ దృశ్యమే. కరిగిన మైనం వేడి కాస్త తగ్గేదాకా థర్మామీటరు పట్టుకుని ఎదురుచూస్తుంది. నూటికి ఎనిమిది పాళ్లు తైలం కలిపి, బుడగ రాకుండా మెల్లగా తిప్పుతుంది. తిప్పేటప్పుడు పెదవులు కదులుతాయి. మంత్రమనుకున్నాను. ఒకరోజు దగ్గరగా విన్నాను, అవి ఆర్డరు నెంబర్లు. పోసిన మైనం గట్టిపడేదాకా ఒత్తి నిటారుగా నిలవాలి గనుక ప్రతి గాజు పాత్ర మీదా బట్టల క్లిప్పు ఒకటి అడ్డంగా పెట్టి ఒత్తిని బిగిస్తారు. ఇంట్లోని క్లిప్పులన్నీ ఈ ధర్మకార్యంలో ఉండటం వల్ల తీగ మీద ఆరేసిన బట్టలకు ఆధారం ఉండదు. గాలి వీచిన రోజున ఆ కుటుంబం చొక్కాలు మా పెరట్లోకి వస్తాయి. తూర్పు గాలిది అన్న సిద్ధాంతాన్ని ఆ ఒక్క విషయంలో నేను అంగీకరిస్తున్నాను. మా ఇల్లు వారికి పడమర.

చంద్రుడి పాత్రనూ తక్కువ చేయకూడదు. పెరిగే చంద్రుడి వేళ సంపద కొవ్వొత్తులు, తరిగే చంద్రుడి వేళ పీడ వదిలించే కొవ్వొత్తులు పోయాలి. మన శుక్లపక్షం, బహుళపక్షాల వంటిదే. సూత్రంగా ఇది నిర్దోషం. కాని క్రిస్మస్ లోపు చేరాలంటే పార్సెల్ ఏ తేదీలోగా వేయాలో తపాలావారు ఏటా ప్రకటిస్తారు, వారు చంద్రుడిని సంప్రదించరు. పోయినేడు చివరి వారానికి చంద్రుడు తరుగుతున్నాడు, సంపద కొవ్వొత్తుల ఆర్డర్లు పెరుగుతున్నాయి. మొగుడూ పెళ్లాం సుదీర్ఘంగా చర్చించి, దక్షిణార్ధగోళం ఎలాగూ తలకిందులు కాబట్టి అక్కడి చంద్రుడు పెరుగుతున్నట్టే అనుకోవచ్చని తీర్మానించారు. ఖగోళశాస్త్రం దీనికి ఒప్పుకోదు. పండితులు తలచుకుంటే దాటలేని నిషేధం లేదనడానికి మాత్రం ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

బుధుడి వక్రగతి ఇంకో తలనొప్పి. ఏడాదికి మూడుసార్లయినా, దాదాపు మూడేసి వారాల పాటు వస్తుంది. ఆ రోజుల్లో ఒప్పందాలు చేసుకోకూడదు, యంత్రాలు కొనకూడదు. లేబుల్ ప్రింటర్ సరిగ్గా అప్పుడే చెడిపోయింది. ఆవిడ దిగులుగా గోడ దగ్గర నిలబడి చెబితే మా అమ్మకు తెలుగులో వివరించాను.

"మూఢంలో పెళ్లి చేయకూడదు గాని ప్రింటర్ కొనుక్కోవచ్చని చెప్పరా. కావాలంటే బుధవారం వదిలేసి గురువారం కొనమను," అంది అమ్మ. గురువారం కొన్నారు.

అక్టోబరు 31 రాత్రి సావిన్. ఆ రోజు పితృదేవతలకు ఒక విస్తరి వేసి, మాట పలుకు లేకుండా మౌనంగా భోంచేయడం కొందరి ఆచారం. మన మహాలయ పక్షాల్లాంటి గంభీరమైన సందర్భం. ఆ ఇంట్లో మౌనాన్ని అక్షరాలా పాటించారు. యూల్ పెట్టెలు సర్దిన అలసటతో ఒక్కరికీ నోరు మెదిపే ఓపిక లేదు. చనిపోయిన నాన్నమ్మ కోసం పెట్టిన కుర్చీలో సగం సేపు పార్సెల్ సంచి కూర్చుంది.

ఎనిమిది పండుగలకు తోడు ఆ కుటుంబం నిజమైన భక్తితో జరుపుకునేది తొమ్మిదోది, జనవరి 31. ఆదాయపు పన్ను రిటర్న్ ఆన్‌లైన్‌లో సమర్పించడానికి ఆఖరు తేదీ. ఏడాదికి వెయ్యి పౌండ్ల దాకా చిల్లర వ్యాపారపు రాబడి మీద పట్టింపు లేదు. అది దాటితే లెక్క చెప్పుకోవాలి. మర్నాడు ఇంబోల్క్, బ్రిజిడ్ దేవికి దీపాలు వెలిగించే రోజు. ముందు రాత్రి మాత్రం జాగరణ. ఉపవాసం కూడా, వండేవారు లేరు కాబట్టి. ఇనుప బానలో పడేసిన రశీదులన్నీ నేల మీద పరుస్తారు. ఈ జనవరిలో అర్ధరాత్రి వేళ ఒక ధర్మసందేహం తలెత్తింది. అమ్మకాలు పెరగాలని ఆవిడ తన సంపద కొవ్వొత్తినే తాను వెలిగించుకుంది. అది వ్యాపార ఖర్చు కిందికి వస్తుందా, సొంత వాడకమా? వ్యాపార ఖర్చంటే దాని మహిమ నిజమని పన్నుల శాఖకు రాతపూర్వకంగా చెప్పినట్టు. సొంత వాడకమంటే, మహిమ లేదని ఒప్పుకున్నట్టు. ఆయన రెండో పక్షం, ఆవిడ మొదటి పక్షం. గోడ పల్చన, మాకూ జాగరణ పుణ్యం దక్కింది.

ఇప్పుడు స్టిక్కర్ మాట. సువాసన కొవ్వొత్తిలో అలర్జీ కలిగించే పదార్థం తగినంత మోతాదులో ఉంటే దాని పేరు, హెచ్చరిక గుర్తు, తయారుచేసినవారి పేరు, చిరునామా, ఫోను నెంబరు విధిగా ఉండాలి. ఒకప్పుడు మంత్రగత్తె ఎక్కడుందో పట్టుకోవడానికి ఊరూరా గాలించేవారు. ఇప్పుడు ఆవిడే పూర్తి చిరునామా అచ్చు వేసి, తపాలా ఖర్చు భరించి, ఇంటింటికీ పంపుతోంది. తైలాన్ని బట్టి కొన్నిటి మీద చచ్చిన చేప, మోడువారిన చెట్టు ఉన్న గుర్తు కూడా వేయాలి. 'అడవి తల్లి ఆశీస్సు' అనే కొవ్వొత్తి అడుగున ఆ బొమ్మ చూసినప్పుడు చెట్లను కొలిచే ఆ ఇంటాయన ముఖం చూడాలి.

సబ్బుల కథ ఇంకా రమ్యం. ప్రతి సబ్బు వంటకాన్నీ అర్హతగల నిపుణుడు పరిశీలించి, సురక్షితమని నివేదిక ఇవ్వాలి. అమ్మకానికి ముందు ఆ వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేయాలి. తల్లి నుంచి కూతురికి చెవిలో మాత్రమే చెప్పవలసిన రహస్య యోగం ఇప్పుడు పాస్‌వర్డుతో సహా సర్కారు ఖాతాలో ఉంది. సబ్బు పేరు 'శాప విమోచనం' అని పెట్టుకోవచ్చు. 'వినోదం కోసం మాత్రమే' అని చిన్న అక్షరాలు చేర్చుకుని సర్దుకుపోతారు. చర్మ వ్యాధి తగ్గిస్తుందని రాశారో, అది ఔషధం కిందికి వెళ్లి మరో చట్టానికి చిక్కుతుంది. ఏడు తరాల శాపం వదిలించగల సబ్బు దురద ముందు నోరు మూసుకోవలసి వచ్చింది. 1951లో వచ్చిన నకిలీ సోదెగాళ్ల చట్టాన్ని కూడా 2008లో ఎత్తేసి, ఆ వ్యవహారమంతా వినియోగదారుల రక్షణ నిబంధనల్లో కలిపేశారు. రాజద్రోహమంత గొప్ప నేరం చివరికి తూకంలో మోసం పక్కన చేరింది. మంత్రగత్తెలకు జరిగిన అవమానాల్లో ఇదే పెద్దదని నా అభిప్రాయం.

మంత్రాన్ని విడిగా అమ్ముకునే దారీ మూసుకుపోయింది. 2012లో ఆన్‌లైన్ అంగడి ఈబే మంత్రాలు, శాపాలు, కషాయాల అమ్మకం నిషేధించింది. అందుకని ఇప్పుడు సరుకుకే ధర, మహిమ ఉచితం.

ఆవిడ ఆరబెట్టిన కట్టల్లో ఒకదాన్ని చూసి మా అమ్మ వాసన చూసింది. "మాచిపత్రి కదరా ఇది, చవితి పత్రి!" అంది. అవునట, కలలు బాగా రావడానికి తలగడ కింద పెట్టుకుంటారట. పొట్లం ఆరు పౌండ్లని చెప్పగానే అమ్మ మాట్లాడలేదు. ఆ మొక్క ఇక్కడ రోడ్డు పక్కన ఊరికే మొలుస్తుంది. మర్నాటి నుంచి సాయంత్రం నడకకు వెళ్లేటప్పుడు కత్తెర తీసుకెళుతోంది. సరఫరా ఒప్పందం బుధుడు సరిగ్గా నడిచే వారంలో కుదిరింది.

ఇంతలో ఆ ఇంట్లో తిరుగుబాటు జరిగింది. పదమూడేళ్ల అమ్మాయి అమ్మమ్మతో కలిసి ఆదివారాలు చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. విశ్వాసం కుదిరిందా అని అడిగాను. అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు గాని ఎవరూ పోయమని చెప్పరని, ఆ గంటసేపు రిబ్బన్లు కత్తిరించనక్కరలేదని చెప్పింది. పేగన్ తల్లి గుండె ఎంత క్షోభించిందోనని గోడ దగ్గరకు వెళ్లి ఓదార్చబోయాను. ఆవిడ అప్పటికే కూతుర్ని నిలదీస్తోంది.

"ఆ చర్చికి కొవ్వొత్తులు ఎవరు సరఫరా చేస్తున్నారో కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను. ఈస్టరుకు పెద్దది ఒకటి కావాలట. ఫిబ్రవరిలోగా కొటేషన్ ఇవ్వమన్నారు," అంది అమ్మాయి.