చదివితే మార్కులు పోతాయి

ఒక దురలవాటు గురించి ముందే హెచ్చరించాలి. పొగాకు కాదు, పేకాట కాదు. చదవడం. అంటే మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా కుదురుగా కూచుని, అర్థం చేసుకుంటూ, అక్కడక్కడా ఆగి "భలే" అనుకుంటూ చదవడం. ఈ అలవాటున్నవాళ్లు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా ఇంకా మిగిలే ఉన్నారు. దయచేసి వాళ్లని విదేశాలకి పోయేవాళ్లు రాసే ఐఎల్టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్ష హాలు ఛాయలకి పోనివ్వకండి.

నేను దెబ్బతిని తెలుసుకున్నాను. హైస్కూల్లో 34 ఏళ్లు ఇంగ్లిషు చెప్పి రిటైరైన మాస్టార్ని. మా తమ్ముడి కొడుకు అమీర్‌పేటలో కోచింగు తీసుకుంటూ దసరాకి ఇంటికొచ్చాడు. వాడి సంచిలోంచి రీడింగు మాక్ టెస్టు ఒకటి లాక్కుని, పెన్సిలు చెక్కుకుని, అరుగు మీద కూచున్నాను. మూడు ప్యాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. మొదటిది తేనెటీగల మీద. ఎంత బాగా రాశాడో మహానుభావుడు! ఒక పేరా రెండుసార్లు చదివాను. మా ఆవిణ్ణి పిలిచి, "విన్నావా, పువ్వులు ఏ దిక్కునున్నాయో, ఎంత దూరంలో ఉన్నాయో ఈగ నాట్యం చేసి మిగతా ఈగలకి చెబుతుందిట" అన్నాను. ఆవిడ "మీరు నోటితో చెప్పినా ఈ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు" అని లోపలికి వెళ్లిపోయింది. గంట గడిచేసరికి 14 ప్రశ్నలకి జవాబులు రాశాను. అందులో ఆరు తప్పులు.

వాడు పేపరు దిద్ది, జబ్బు బయటపడ్డ రోగిని చూసే డాక్టరులా నావైపు చూశాడు.

"పెదనాన్నా, మీరు చదివేశారు. అదే ప్రాబ్లం."

ఆ పూట వాడు నాకు ఉపదేశించిన శాస్త్రాన్ని లోకహితం కోరి ఇక్కడ పెడుతున్నాను. ఇది ముఖ్యంగా వివరం అడిగే ప్రశ్నలకి సంబంధించినది. ఏ సంవత్సరం, ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎన్ని అని అడిగేవాటికి. జవాబు ప్యాసేజీలోనే ఉంటుంది. ఎదురుగా, అచ్చులో, బహిరంగంగా ఉంటుంది. అయినా లక్షలాది మంది దాన్ని తప్పు రాయడానికి ఏటా డబ్బు కడుతున్నారు. వాళ్లకి తప్పు రాయకుండా నేర్పడానికి మరికొందరు డబ్బు తీసుకుంటున్నారు.

శాస్త్రంలో మొదటి మెట్టు: ప్యాసేజీకన్నా ముందు ప్రశ్న చదవాలి. అందులో పేరో, సంవత్సరమో, పెద్దక్షరంతో మొదలయ్యే మాటో దొరికితే దాన్ని పట్టుకుని ప్యాసేజీ మీదికి దూకాలి. దీన్ని స్కానింగు అంటారు. నేను కొత్త విద్య అనుకున్నాను గానీ ఆలోచిస్తే మనకి ఎప్పుడో వచ్చు. పదో తరగతి ఫలితాలు పేపర్లో పడే రోజులు గుర్తున్నాయా? పేజీలకి పేజీలు చీమల బారుల్లా నంబర్లు. బస్టాండు పుస్తకాల కొట్టు దగ్గర ఒకే పేపరు మీద పదిమంది తలలు. మన నంబరు తప్ప ఇంకే నంబరూ కంటికి ఆనేది కాదు. పక్కవాడు పాసయ్యాడో లేదో కూడా చూసేవాళ్లం కాదు. అది తర్వాత తీరిగ్గా చూసి బాధపడేవాళ్లం. ఆ చూపు ఇప్పుడు మళ్లీ తెచ్చుకోవాలి. పైగా ట్రూ-ఫాల్స్ ప్రశ్నలకి జవాబులు ప్యాసేజీలో అదే వరసలో వస్తాయట. మూడో దానికి జవాబు దొరికిన చోటునుంచే నాలుగోదాని కోసం కిందికి దిగాలి. పైకి పోయి వెతికేవాడికి టైముండదు.

రెండో మెట్టు దగ్గర నా వృత్తి ధర్మం కాస్త గాయపడింది. మన బళ్లలో ప్రశ్నకి జవాబు రాసే పద్ధతి మీకు తెలిసిందే. ప్రశ్నలో ఉన్న పెద్ద మాట పాఠంలో ఎక్కడుందో వెతకాలి. దానికి ముందున్న పుల్‌స్టాపు నుంచి తర్వాతి పుల్‌స్టాపు దాకా ఎత్తి రాయాలి. కాస్త తెలివైనవాడు పక్క వాక్యం కూడా కలిపి రాస్తాడు, ఎందుకైనా మంచిదని. "సొంత మాటల్లో రాయండి" అని 34 ఏళ్లు బోర్డు మీద రాశాను, ఎత్తి రాసినవాళ్లకే 34 ఏళ్లు మార్కులూ వేశాను. నాకేం తెలుసు, ఈ ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు సరిగ్గా మన పిల్లల కోసమే కాపు కాస్తున్నారని! ప్యాసేజీలో "గ్రామాన్ని ఖాళీ చేశారు" అని ఉంటే సరైన జవాబులో "జనం ఊరు విడిచి వెళ్లారు" అని ఉంటుంది. ప్యాసేజీలోని మాటలు మక్కీకి మక్కీ దిగిన ఆప్షను కనపడిందా, దానికి దండం పెట్టి పక్కకి తప్పుకోవాలి. అది చాలావరకు ఎర. మాటలన్నీ అవే, కర్తా కర్మా మాత్రం తారుమారు.

ఇక తప్పు ఆప్షన్లని వండేవాళ్ల చేతి మహిమ చెప్పుకోవాలి. మన అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. అవధాని నాలుగో పాదం కట్టుకునే వేళకి "అయ్యా, పొద్దున మీ ఉప్మాలో జీడిపప్పు పడిందా?" అంటాడు. ధారణ చెడగొట్టడమే అతని ఉద్యోగం. ఈ పరీక్షలో నాలుగు ఆప్షన్లున్న ప్రతి ప్రశ్నకీ అలాంటివాళ్లు ముగ్గురు. అవధానిగారు ఆయనకి చమత్కారంగా జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు, ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ఒకడు ప్యాసేజీలో అస్సలు లేనిది చెబుతాడు. వాణ్ణి పట్టుకోవడం తేలిక. ఇంకొకడు సగం నిజం చెప్పి, చివరన "ఎప్పుడూ" అనో "మాత్రమే" అనో ఒక మాట తగిలిస్తాడు. మూడోవాడు పరమ దుర్మార్గుడు: నిజమే చెబుతాడు, కాకపోతే అడగని ప్రశ్నకి.

ఈ మూడోవాడి సంగతి చిలుకూరు బాలాజీ సాక్షిగా చెబుతాను, ఈ పరీక్ష రాసినవాళ్లు ఎలాగూ తర్వాత వెళ్లేది అక్కడికే. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఇది ప్యాసేజీ అనుకోండి. ప్రశ్న: వీసా వచ్చినవాడు ఎన్ని ప్రదక్షిణలు చేయాలి? ఆప్షన్లలో 11 ఉంటుంది. 108 ఉంటుంది. రెండూ కూడుకునే జాగ్రత్తపరుడి కోసం 119 కూడా ఉంటుంది. 11 పెట్టి వచ్చినవాడు బయటికొచ్చి "ప్యాసేజీలో ఉంది కదా సార్" అంటాడు. ఉంది నాయనా, అడిగింది అది కాదు.

ఇక్కడిదాకా నేను మంచి శిష్యుణ్ణే. తర్వాతి మెట్టు దగ్గరే ఇంట్లో గొడవైంది.

నాకు అర్థమయ్యేలా చెప్పాలని వాడే ఒక బుల్లి ప్యాసేజీ కట్టాడు. మాది గోదావరి జిల్లా కాబట్టి గోదావరినే ఎంచుకున్నాడు. "ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించినది ఆర్థర్ కాటన్ అనే బ్రిటిష్ ఇంజినీరు. ఆ తర్వాతి కాలంలో డెల్టాలో వరి సాగు విస్తరించింది." అంతే, మూడు వాక్యాలు. కింద నాలుగు మాటలు చెప్పాడు. ప్రతిదానికీ ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అని మూడింట్లో ఒకటి చెప్పాలి. ప్యాసేజీ ఒప్పుకుంటే ట్రూ, కాదంటే ఫాల్స్, ఆ ఊసే ఎత్తకపోతే నాట్ గివెన్.

ఒకటి, ఆనకట్ట పని దాదాపు అయిదేళ్లు సాగింది. ట్రూ అన్నాను. తీసివేత వస్తే చాలు.

రెండు, కట్టించినవాడు ఫ్రెంచివాడు. ఫాల్స్. యానాం పక్కనే ఉన్నా ఆ పుణ్యంలో ఫ్రెంచివాళ్లకి వాటా లేదు.

మూడు, ఆనకట్ట వల్ల వరి సాగు విస్తరించింది. "ట్రూ" అని గట్టిగా అన్నాను.

"నాట్ గివెన్."

"ఒరేయ్, నువ్వు పొద్దున తిన్న అన్నం ఎక్కణ్ణించి వచ్చిందిరా?"

"'తర్వాత' అన్నాడు పెదనాన్నా. 'వల్ల' అనలేదు."

నాలుగు, గోదావరి రైతులు కాటన్‌ని గౌరవిస్తారు. నేను అరుగు మీంచి లేచాను. కాటన్ దొరని భగీరథుడితో పోలుస్తూ మన పండితులు సంస్కృతంలో శ్లోకం కట్టారన్నాను. ధవళేశ్వరంలో ఆయన పేర మ్యూజియం ఉందన్నాను. పాత ఆనకట్ట స్థానంలో కొత్తది కడితే దానికీ ఆయన పేరే పెట్టారన్నాను. పుట్టినరోజుకి దండలు వేస్తారన్నాను.

"నాట్ గివెన్."

"మన సెంటర్లో విగ్రహం ఉందిరా!"

"విగ్రహం సెంటర్లో ఉంది పెదనాన్నా. ప్యాసేజీలో లేదు."

లెక్క చూడండి. గోదావరి పేరు జన్మలో వినని బ్రెజిల్ కుర్రాడికి నాలుగుకి నాలుగు వస్తాయి. గోదావరి నీళ్లు తాగి పెరిగిన నాకు రెండు. కోపం చల్లారాక ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది: ఇందులో న్యాయం ఉంది. మనకి తెలిసినదానికి మార్కులిస్తే గోదావరి మీద ప్యాసేజీ వచ్చిన రోజు బ్రెజిల్ వాడు, అమెజాన్ మీద వచ్చిన రోజు నేను మునిగిపోతాం. అందుకని అందర్నీ సమానంగా అజ్ఞానులుగా చేసి కూచోబెడతారు. చెప్పులు బయట విడిచినట్టు, తెలిసినదంతా హాలు బయట విడిచి వెళ్లాలి. సొంత ఊరి మీద ప్యాసేజీ రావడంకన్నా పెద్ద ఆపద లేదు.

అయితే నా ఫిర్యాదు వేరే ఉంది. ఇంత గొప్ప సాధనాన్ని వీసా కోసం ఒక గంట వాడి పారేయడమేమిటి? నాట్ గివెన్ అనే మూడో గడి తెలుగువాడికి రోజూ కావలసిన వస్తువు.

మొన్న పెళ్లిళ్ల మధ్యవర్తి ఒక కాగితం తెచ్చాడు. "అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చేసి అక్కడే ఉంటున్నాడు. మంచి కుటుంబం. ఒక్కడే కొడుకు." మా చెల్లెలు మురిసిపోయింది. నేను పెన్సిలు తీశాను. అబ్బాయికి ఉద్యోగం ఉంది: నాట్ గివెన్. ఎం.ఎస్. పూర్తయింది: ట్రూ, "చేసి" అన్నాడు కాబట్టి. అక్కచెల్లెళ్లు లేరు: నాట్ గివెన్, ఒక్కడే కొడుకన్నాడు గానీ కూతుళ్ల లెక్క చెప్పలేదు. మధ్యవర్తి కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

స్థలాల బ్రోచర్లయితే పండగే. "ప్రతిపాదిత ఆరు వరుసల రహదారికి కేవలం అయిదు నిమిషాలు." రహదారి ఉందా? నాట్ గివెన్. అయిదు నిమిషాలు దేని మీద, కారు మీదా హెలికాప్టరు మీదా? నాట్ గివెన్. "కేవలం" ఒక్కటే గివెన్. ఎన్నికల హామీల్లో "అర్హులైన వారందరికీ" అనే మాట చూడండి. మనం "అందరికీ" దగ్గర స్కానింగు ఆపేసి ఓటు వేసి వస్తాం. "అర్హులైన" అక్కడే, అచ్చులోనే, ఎదురుగానే ఉంటుంది. దాని అర్థం మాత్రం ఎన్నికలయ్యాక విడుదలయ్యే జీవోలో తెలుస్తుంది. ఇంత చక్కటి తప్పు ఆప్షన్లు వండగలవాళ్లు మన దగ్గరుండగా ప్రశ్నపత్రాలు వేరే దేశాల్లో ఎందుకు తయారుచేయిస్తున్నారో నాకు బోధపడదు.

టోఫెల్ అని ఇలాంటిదే మరో ఇంగ్లిషు పరీక్ష ఉంది. వాళ్లది ఇంకో సరదా, "కిందివాటిలో ప్యాసేజీలో చెప్పనిది ఏది" అని అడుగుతారు. మూడు నిజాలని వెతికి పట్టుకుంటేగాని మిగిలిన ఒక్కటి దొరకదు. అంటే ఒక ప్రశ్నకి మూడు ప్రశ్నల చాకిరీ. కాబట్టి మా వాడి లెక్క ప్రకారం దాన్ని గుర్తు పెట్టి దాటేయాలి, చివర్లో టైముంటే రావాలి. బ్యాంకు పరీక్షల వాళ్లకి అలా వెనక్కి వచ్చే అవకాశం కూడా తక్కువే. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకి పెట్టే ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిషుకి 20 నిమిషాలు, 30 ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. ఐఎల్టీఎస్‌లో కోత లేదు. తెలియకపోయినా ఏదో ఒకటి రాసి రావచ్చు. ఈ ఒక్క విషయంలో మన బడి సంప్రదాయం అక్కడా చెల్లుతుంది.

మా వాడు సెలవులయ్యాక అమీర్‌పేట వెళ్లిపోయాడు. నేను అభ్యాసం మానలేదు. కరెంటు బిల్లులో అంకె తప్ప చూడడం లేదు. శుభలేఖలో ముహూర్తం, విందు స్థలం, అంతే. తాతముత్తాతల పేర్లు వదిలేస్తున్నాను. ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయాను గానీ ఈ శాస్త్రంలో అసలు సిద్ధురాలు మా ఇంట్లోనే ఉంది. పత్రికలకి నేను రాసేవన్నీ మా ఆవిడ 30 ఏళ్లుగా స్కానింగే చేస్తోంది. వాక్యాల జోలికి పోదు. అంకెల కోసం చూస్తుంది.

ఈ వ్యాసం కూడా పంపేముందు ఇచ్చాను. పోపు వేస్తూనే కాగితాల మీద కళ్లు ఒక్కసారి పై నుంచి కిందికి పరిగెత్తించింది.

"34, 40, 108, 1847, 1852. ఇందులో మీకిచ్చేది ఏది?"