గుండ్రటి మచ్చలకు ఆ ట్యూబు రాయకండి

పిల్లల చర్మవ్యాధుల గురించిన ఒక సందేశం కొన్ని వారాలుగా కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ముఖం మీద తెల్ల మచ్చలు కాల్షియం లోపం వల్ల, కడుపులో నులిపురుగుల వల్ల వస్తాయట. గజ్జి రక్తం చెడితే వస్తుందట, వేపాకు నీళ్ల స్నానంతో పోతుందట. గుండ్రటి మచ్చలకు మందుల షాపులో దొరికే, మూడు మందులు కలిసిన ట్యూబు రెండు రోజులు రాస్తే చాలునట, డాక్టరు ఫీజు దండగట. చర్మవ్యాధుల విభాగంలో రోజూ పిల్లలను చూసే వ్యక్తిగా దీనికి జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అన్నింటికంటే ఎక్కువ కీడు చేసేది ట్యూబు సలహా కనుక దానితోనే మొదలుపెడతాను. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి పొలుసులు లేస్తూ, నడుమ కాస్త తేటపడినట్టు కనిపించే మచ్చ చాలావరకు తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే జబ్బు. ఆ ట్యూబులో ఫంగస్ మందుతో పాటు తరచుగా క్లోబెటసాల్ వంటి ఘాటైన స్టీరాయిడ్ ఉంటుంది. స్టీరాయిడ్ ఎరుపునూ దురదనూ రెండు రోజుల్లో అణచేస్తుంది కాబట్టి జబ్బు తగ్గిందని నమ్ముతాం; కానీ ఫంగస్‌ను అడ్డుకోవలసిన చర్మపు రక్షణ కూడా దానితోనే అణగిపోవడం వల్ల అది చడీచప్పుడు లేకుండా పాకుతూనే ఉంటుంది.

మొన్న నాలుగో తరగతి చదివే బాబును తీసుకొచ్చిన తల్లి, టూత్‌పేస్టు ట్యూబులా చివరి నుంచి చుట్టి పిండిన ట్యూబును నా బల్ల మీద పెట్టింది. నడుము మీద రూపాయి బిళ్లంత మచ్చ మూడు నెలల్లో తొడల దాకా పాకింది, అంచులు చెదిరిపోయి తామర పోలికే లేకుండా పోయింది. పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫంగస్ పోగులు కనిపించాయి. గజ్జల దగ్గర చర్మం పలచబడి చారలు కూడా మొదలయ్యాయి, ఆ చారలు ఇక పూర్తిగా పోవు. బరువుతో పోలిస్తే పిల్లల ఒంటి చర్మం వైశాల్యం పెద్దవాళ్లకంటే ఎక్కువ. అందువల్ల పూసిన స్టీరాయిడ్ ఎక్కువ పాళ్లలో రక్తంలోకి చేరి, నెలల తరబడి వాడితే ఎదుగుదలను కూడా దెబ్బతీయవచ్చు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టీరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని, అలాంటి మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అలాగని స్టీరాయిడ్ విషమేమీ కాదు, ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు ఉన్న బిడ్డకు తగిన బలమున్నది, తగినన్ని రోజులు రాస్తే ఎంతో మేలు చేస్తుంది. తలలో తామర వచ్చి వెంట్రుకలు విరిగిపోతుంటే మాత్రం ఏ పూతమందూ చాలదు, వారాల పాటు కడుపులోకి మందు వేయవలసిందే.

ఇక గజ్జి రక్తం చెడి రాదు. అర మిల్లీమీటరు కూడా లేని పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. వేళ్ల సందున సిరా రాసి స్పిరిటుతో తుడిస్తే, సొరంగంలోకి దిగిన సిరా సన్నని వంకర గీతలా మిగలడం కళ్లారా చూడవచ్చు. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు, అంటే ఇంకా గోక్కోవడం మొదలుపెట్టని నాన్నమ్మకూ చెల్లికీ అప్పటికే అది ఉండవచ్చు. వేపాకు నీళ్లు ఒంటికి హాయినివ్వవచ్చు గానీ, ఒక్క బిడ్డకు స్నానం చేయించినంత మాత్రాన ఇంటిల్లిపాది మీదా ఉన్న పురుగు పోదు. డాక్టరు రాసిచ్చిన 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసుకుని, 8 నుంచి 14 గంటల తర్వాత కడుక్కుని, వారం పది రోజులకు మళ్లీ రాసుకోవాలి. పసివాళ్లకు తలకూ ముఖానికీ కూడా రాయవలసి రావచ్చు కనుక వారి సంగతి డాక్టరును అడిగి చేయాలి. పురుగు చచ్చాక కూడా దురద రెండు మూడు వారాలు ఉండవచ్చు, అది చూసి మందు పనిచేయలేదని రోజూ రాయకూడదు. గోకిన పుండ్లలో చీము పడితే వెంటనే చూపించాలి, ఆ సూక్ష్మక్రిముల వల్ల కొందరు పిల్లలకు మూత్రపిండాల వాపు వస్తుంది.

తెల్ల మచ్చల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బడి వయసు పిల్లల బుగ్గల మీద అంచు తెలియకుండా, కాస్త పొట్టు లేస్తూ కనిపించే పాలిపోయిన మచ్చలు చాలావరకు పొడిచర్మం వల్ల వచ్చే తేలికపాటి ఎగ్జిమా. ఎండకు చుట్టూ చర్మం నల్లబడినప్పుడు అవి కొట్టొచ్చినట్టు కనబడతాయి. మాయిశ్చరైజర్ రాస్తూ ఓపిక పడితే నెలల మీద పోతాయి. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పక వేయించండి, అయితే అది కడుపులోని పురుగులకు, బుగ్గ మీది మచ్చకు కాదు. పాలలా తెల్లగా ఉన్న మచ్చ బొల్లి కావచ్చు. స్పర్శ తెలియని, చెమట పట్టని మచ్చ కుష్ఠు కావచ్చు. ఈ రెండింటిలో ఏది అనిపించినా ఆలస్యం చేయకండి.

డాక్టరు ఫీజు దండగ అన్న మాటకు ఆ తల్లి లెక్కే జవాబు: మూడు నెలల్లో ఆమె కొన్న ట్యూబులు ఏడు. మా దగ్గరికి వచ్చేటప్పుడు అప్పటిదాకా రాసినవన్నీ, ఖాళీ ట్యూబులైనా సరే, సంచిలో వేసుకుని తీసుకురండి. మచ్చ అసలు రూపు ఎందుకు మారిపోయిందో వాటి మీద ఉన్న మందుల పేర్లు చూస్తే మాకు తెలుస్తుంది.