కాలువ నీళ్లు ఎవరి పేరూ చెప్పవు

మా శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "మురుగునీళ్లలో కరోనా వెతకడం డబ్బు దండగ. ఏ ఇంట్లో రోగి ఉన్నాడో కనిపెట్టి పట్టుకుపోవడానికే ఇదంతా. మురుగులో వైరస్ ఉంటే కుళాయి నీళ్లతోనూ వస్తుంది. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేని ఊళ్లో అసలు పనికిరాదు." మా వీధిలో పెద్దవాళ్లు ఇది చదివి టెన్షన్ పడుతున్నారు.

పట్టుకుపోవడం జరగని పని. కాలువలోంచి తీసిన సీసాడు నీళ్లలో ఎన్నో ఇళ్ల నీళ్లు కలిసి ఉంటాయి. ఫలానా పేటలో వైరస్ పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే తెలుస్తుంది.

కుళాయి సంగతి. పరీక్షలో దొరికేది వైరస్ జన్యు పదార్థం ముక్కలు. అవి దొరికాయంటే వైరస్ బతికి ఉందని కాదు. కోవిడ్ ముఖ్యంగా గాలి ద్వారా పాకుతుంది. తాగునీటి పైపులో మురుగు కలిస్తే అతిసారం వస్తుంది, దానికి భయపడాలి. 2024 అక్టోబరులో పక్క జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు.

ఇక దండగ అన్న మాట. ఇప్పుడు జ్వరమొస్తే ఎంతమంది టెస్టుకి వెళ్తున్నారు? మందుల షాపులో మాత్రలు కొనుక్కుని ఊరుకుంటున్నాం. ఆ కేసు ఏ లెక్కలోకీ రాదు. కాలువలోకి మాత్రం వస్తుంది, ఎందుకంటే లక్షణాలు లేనివాళ్ల మలంలోనూ వైరస్ ఉండొచ్చు. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీరు పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటికి తెలంగాణ మొత్తం అధికారిక కేసులు లక్షలోపే! 2016లో అదే నగరంలో అంబర్‌పేట మురుగులో టీకా నుంచి పుట్టిన (చుక్కల మందులోని బలహీన వైరస్ మారిపోయి తయారైన) టైప్ 2 పోలియో వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకీ పక్షవాతం రాకముందే లక్షలాది పిల్లలకు టీకా వేశారు. ఆ ఖర్చును దండగ అనడానికి నాకు నోరు రాదు.

డ్రైనేజీ గురించి అన్నదాంట్లో కొంత నిజం ఉంది. మా వీధిలో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే. అవి కాలువ నమూనాలో కనబడవు. అయినా పనికిరాదనడం తప్పు: పోలియో నిఘాలో తెరిచి ఉన్న కాలువల్లోంచీ నమూనాలు తీస్తారు. ట్యాంకులు ఖాళీ చేసే లారీల నుంచీ తీయొచ్చు. వానకు నీళ్లు పలచబడితే లెక్క తప్పదా అంటారేమో, దానికీ దారుంది. మిరప మొక్కలకు సోకే ఒక వైరస్ మన కూరల్లోంచి పొట్టలోకి వెళ్లి, ఏ హానీ చేయకుండా బయటికొస్తుంది. నమూనాలో అదెంత ఉందో చూసి, నీళ్లు ఎంత పలచబడ్డాయో అంచనా వేస్తారు. మన జిల్లాలో ఆ వైరస్‌కి కరువేం ఉండదు.