పాఠకుల బెడద లేని గ్రంథాలయం

మా ఊరి ఎయిడెడ్ కళాశాల గ్రంథాలయం ఈ ఏడాది కూడా ప్రగతి సాధించింది. నివేదిక వచ్చింది కాబట్టి సాధించినట్టే లెక్క. స్పైరల్ బైండింగు, మెరిసే అట్ట, అట్ట మీద చదువులతల్లి, లోపల సేవలు, నిధులు, శిక్షణ అని మూడు అధ్యాయాలు. ఓర్వలేనివాళ్లు కొందరు ‘‘ఇంతకీ అక్కడ చదివేవాళ్లు ఏరీ?’’ అని దీర్ఘాలు తీస్తున్నారు. నివేదికను ఆసాంతం చదివిన మీదట నేను చెప్పగలిగింది ఒక్కటే. అసలు ఈ ప్రగతికి మూలకారణమే అది. పాఠకుడు అడ్డు తప్పుకున్నాకే గ్రంథాలయం ఎదగడం మొదలుపెట్టింది.

కాస్త నిదానంగా ఆలోచిద్దాం. పుస్తకానికి అసలు శత్రువు ఎవరు? చెదపురుగు అంటారు అమాయకులు. చెదకు మందుంది. పాఠకుడికి లేదు. పేజీ మూల మడుస్తాడు, తడివేలితో తిప్పుతాడు, ‘ముఖ్యం’ అని పక్కన రాసి రెండు గీతలు గీస్తాడు, పరీక్షకు ముందురోజు ఆ ముఖ్యమైన పేజీనే చింపుకుని పోతాడు. కేంద్ర ప్రభుత్వం 2017లో సవరించిన సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నిబంధన దీని గురించే. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోతే, అందులో మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతే, అది సహజ నష్టమని సరిపెట్టుకోవచ్చు. 1,000 రూపాయలు దాటిన పుస్తకం పోతే మాత్రం విచారణ జరగాల్సిందే. అంటే ఏమిటి? ఇస్తేనే పోతుంది, పోతేనే విచారణ. ఇవ్వకపోతే గొడవే లేదు. మా కళాశాలలో పోయిన పుస్తకాలు ఈ ఏడాది సున్నా. ఇంత కట్టుదిట్టమైన నిర్వహణ బ్యాంకు లాకర్లలో కూడా చూడలేం.

ఈ విజయంలో సింహభాగం ఇన్‌చార్జి గారిది. అసలు లైబ్రేరియన్ పదవీ విరమణ చేసి ఏళ్లు గడిచాయి. కొత్తవారు రాలేదు కాబట్టి వ్యాయామ అధ్యాపకుడికి బాధ్యత అప్పగించారు. క్రికెట్ కిట్టు గది తాళమూ పుస్తకాల బీరువాల తాళాలూ ఒకే గుత్తిలో ఉంటాయి. ‘‘బంతి అయినా పుస్తకమైనా ఒకటేనండీ, పిల్లల చేతికిచ్చామంటే మళ్లీ కనపడదు’’ అన్నారాయన. ఇంత అనుభవసారం ఏ గ్రంథాలయ శాస్త్ర డిగ్రీలోనూ దొరకదు.

ఇక సేవల అధ్యాయం. కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ నాక్. మా కళాశాలకు తనిఖీ జరిగిన నాటి దాని ప్రమాణాల్లో గ్రంథాలయం నాలుగోదాని కిందకు వచ్చేది. రోజుకు ఎంతమంది వాడుకుంటున్నారన్నది అందులో ఒక లెక్క. లెక్క అడిగారు కాబట్టి గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు పెట్టారు. పేరు, రోల్ నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, సంతకం. ఒక పేజీ తిరగేశాను. ఆ రోజు బి.కాం. మొదటి సంవత్సరం వాళ్లు సరిగ్గా రోల్ నంబర్ల వరుసలో గ్రంథాలయానికి వచ్చారు. ఒకటో నంబరు పదింటికి, రెండో నంబరు పది గంటల ఒక నిమిషానికి, మూడో నంబరు మరో నిమిషానికి. ఎవరూ ఎవరినీ తోసుకోలేదు. చదువు మానేసి కువైట్ వెళ్లిపోయిన కుర్రాడు కూడా తన వంతు నిమిషానికి తప్పకుండా హాజరయ్యాడు. మాతృసంస్థ మీద అభిమానం అంటే అదీ. అందరి దస్తూరీ ఒక్కటే. కులమతాల అంతరాలను చెరిపేయగలిగిన చదువు దస్తూరీల తేడాను చెరపలేదా? సంతకాలకు మాత్రం ఒక వరుస నీలం సిరా, ఒక వరుస నల్ల సిరా, మధ్యమధ్య అధ్యాపకుల కోసం ఆకుపచ్చ సిరా వాడారు. పేజీ పైన తేదీ చూస్తే ఆదివారం. సెలవుల్లో సైతం చదువుకునే తరం వచ్చిందని పత్రికలు ఎందుకు రాయవో నాకు తెలియదు.

కంప్యూటరీకరణ కూడా పూర్తయింది. ఉన్నత విద్యాసంస్థల గ్రంథాలయాలను అనుసంధానించే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం తయారుచేసిన సోల్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వేశారు. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు బార్‌కోడ్ స్కానర్‌కు కూడా భక్తిగా బొట్టు పెట్టారు, సరిగ్గా అద్దం మీదే. అప్పటి నుంచి అది ఏ పుస్తకాన్నీ గుర్తుపట్టడం లేదు. తుడిస్తే అరిష్టమని ఎవరూ తుడవలేదు. అదే కేంద్రం వారి ఎన్‌లిస్ట్ పథకానికి ఏటా 5,900 రూపాయలు కడితే మా వంటి కళాశాలకు 6,000కు పైగా ఈ-పత్రికలు చదివే వీలు వస్తుంది. పత్రికకు రూపాయి కూడా పడదు. నిజంగా చవక. పాస్‌వర్డులు విద్యార్థుల ఈమెయిల్‌కు పంపామని నివేదికలో ఉంది. నిజమే, పంపారు. ఆ ఈమెయిళ్లు అడ్మిషన్ల రోజుల్లో నెట్ సెంటర్‌లో తెరిచినవి. వాటి పాస్‌వర్డులు ఆ సెంటర్ నడిపే కుర్రాడికి తప్ప ఇంకెవరికీ తెలియవు. ఆ లెక్కన మా ఊళ్లో అంతర్జాతీయ పరిశోధన పత్రికలన్నీ చదవగల వ్యక్తి బస్టాండు ఎదుట జిరాక్సులు తీసుకుంటూ కూర్చున్నాడు.

నివేదిక దాచిన కళంకం ఒకటుంది. దాచడం సబబు కాదు కనుక చెబుతున్నాను. గ్రంథాలయం వెనుక వరండాలో రోజూ పొద్దున్నే కొందరు వచ్చి కూర్చుంటారు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునేవాళ్లు. ఎక్కువమంది ఇదే కళాశాలలో చదివి వెళ్లినవాళ్లు. తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు, తమ నీళ్ల సీసా తామే తెచ్చుకుంటారు, టిఫిన్ డబ్బా తెరిచేటప్పుడు తప్ప తల ఎత్తరు. వీళ్లకు గ్రంథాలయం నుంచి కావలసింది ఒక ఫ్యాను, ఫోను చార్జింగుకు ఒక ప్లగ్గు, ఇంట్లోవాళ్లు ‘ఇంకెన్నాళ్లు?’ అని అడగని ఒక మూల. ప్రాంగణం మొత్తంలో నిజంగా చదువుతున్నది వీళ్లే కావడం సంస్థకు ఎంత ఇబ్బందో ఆలోచించండి. ఇప్పటి విద్యార్థులు కారు కాబట్టి రిజిస్టరులో గడి లేదు. పోనీ వెళ్లగొడదామంటే పూర్వ విద్యార్థుల సంఘం ఊరుకోదు. కరెంటు బిల్లు వంకతో ఫ్యాను తిరిగే వేళలు తగ్గించారు, ప్రస్తుతానికి అంతే.

నిధుల విషయానికి వస్తే, చందాల కోసం తిరగడం పాత పద్ధతి. అసలైన శాశ్వత నిధి కాషన్ డిపాజిట్. చేరేటప్పుడు ప్రతి విద్యార్థీ కడతాడు. వెళ్లేటప్పుడు వెనక్కి తీసుకోవచ్చు, ఎవరూ వద్దనరు. గ్రంథాలయం, ప్రయోగశాల, క్రీడా విభాగం, కార్యాలయం అన్ని చోట్లా బాకీ లేదని సంతకాలు తెచ్చి, అసలు రసీదు జతచేసి, సూపరింటెండెంటు గారు సీట్లో ఉన్న రోజున ఇస్తే చాలు. టి.సి. చేతికొచ్చిన ఆనందంలో పిల్లలు ఆ సొమ్మును సరస్వతికే వదిలేస్తున్నారు.

పెద్ద విరాళం మాత్రం అమెరికాలో స్థిరపడిన ఒక పూర్వ విద్యార్థి నుంచి వచ్చింది. పుస్తకాలకని ఆయన రాశారు. కార్యవర్గం కూలంకషంగా చర్చించి, ముందు పుస్తకాలకు తగిన వాతావరణం కల్పించాలని తీర్మానించింది. ఫలితంగా గుమ్మం ముందు గ్రానైటు మెట్లు, స్వాగత తోరణం, పాలరాతి సరస్వతి విగ్రహం వెలిశాయి. ఆ ఆవరణలో బీరువా బయట ఉన్న పుస్తకం ఆవిడ చేతిలోదే. మిగిలిన సొమ్ముతో ఫ్యాన్లు కొని, రెక్కరెక్కకూ దాత తల్లిదండ్రుల పేర్లు ఎర్ర రంగుతో రాయించారు. ఫ్యాను తిరిగితే పేర్లు కనపడవు, పేర్లు కనపడాలంటే కరెంటు పోవాలి. దాత వచ్చిన రోజున అన్నీ ఆపి కూర్చోబెట్టారు. మే నెల. ఆయన చెమట తుడుచుకుంటూ తల్లి పేరు చదువుకున్నారు.

శిక్షణ అధ్యాయం చిన్నది, అందులో ఫొటోలే ఎక్కువ. ఏటా జూలైలో కొత్త విద్యార్థులను వరుసగా తీసుకొచ్చి గ్రంథాలయం చూపిస్తారు. సంచులు బయట పెట్టాలి, చెప్పులు బయట విప్పాలి, మాట్లాడకూడదు, బీరువాలను తాకకూడదు అని నేర్పుతారు. పుస్తకాలను విషయాల వారీగా సర్దే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827 అని కూడా చెబుతారు. పోయినేడు ఒక అమ్మాయి ఆ సంఖ్య రాసుకుని నిజంగానే ఆ అర దగ్గరకు వెళ్లిందట. అక్కడ పాత ప్రశ్నపత్రాల కట్టలు, ఒక పగిలిన గ్లోబు ఉన్నాయి. సంఖ్య సరైనదే కాబట్టి శిక్షణలో లోపం లేదు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాలను బీరువాల్లోంచి తీసి తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద పేర్చి, ‘చేతులు వేయరాదు’ అని బోర్డు పెడతారు. పుస్తకాలకు ఏడాదికోసారి గాలి తగులుతుంది. ఆగస్టు 12న, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారి పటానికి దండ వేస్తారు. ఆయన 1931లో చెప్పిన సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అన్నది, ఆ దండ వెనకే ఉంటుంది.

నాక్‌కు చూపే ప్రతి ఫొటోకూ అక్షాంశ రేఖాంశాలు ముద్రించి ఉండాలన్నది ఇప్పటి నియమం. ఇలాంటి శాస్త్రీయ దృష్టి మన పెద్దలకు బొత్తిగా లేకపోయింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించిన అయ్యంకి వెంకట రమణయ్య ప్రభృతులు పుస్తకం జనం దగ్గరికి వెళ్లాలని ఊరూరా తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారైతే పుస్తకాలను ఏకంగా పడవకెక్కించి, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద నడిపించారు. ప్రయాణికులు పడవలోనే చదువుకున్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. పద్ధతి చూడండి! కదిలే గ్రంథాలయానికి అక్షాంశమేది, రేఖాంశమేది? రేవు రేవుకూ ఫొటో మారిపోతుంటే ఏ కమిటీ ఒప్పుకుంటుంది? గుమ్మమే లేదు, ఇక గుమ్మం దగ్గర రిజిస్టరు ఎక్కడిది? తోరణం లేదు, గ్రానైటు లేదు. పైపెచ్చు నీళ్ల పక్కన పుస్తకాలు! ఆ పడవే మాతోపాటు నాక్ ముందుకు వచ్చి ఉంటే నాలుగో ప్రమాణంలో సున్నా మార్కులతో మునిగిపోయేది.

మా కళాశాల మునగలేదు. నాక్ తనిఖీ బృందం వచ్చింది, చూసింది, మెచ్చుకుంది. బృందంలో ఒక పెద్దాయన మాత్రం వెనుక వరండా వైపు నడిచి, అక్కడ చదువుకుంటున్న వాళ్లతో చాలాసేపు మాట్లాడారు. వెళ్తూ వెళ్తూ ఒక సూచన రాసి వెళ్లారు: గ్రంథాలయం రాత్రి 8 వరకు తెరిచి ఉంచితే బాగుంటుంది. కళాశాల వెంటనే స్పందించింది. నెల తిరగకుండా చర్యల నివేదిక పంపింది. వేళలు పొడిగించిన మాట వాస్తవం, రిజిస్టరులో ఇప్పుడు రాత్రి ఏడూ యాభై తొమ్మిది దాకా పాఠకులు వస్తూనే ఉన్నారు. గది తాళం ఎప్పటిలాగే సాయంత్రం ఐదింటికి పడుతుంది. అదనపు పనిభారం వల్ల నల్ల సిరా పెన్నులు చాలడం లేదని అటెండరు అర్జీ పెట్టుకున్నాడు. పాఠక సేవల పద్దు కింద మంజూరు చేశారు.