భరోసా లేని కొలువులపై రెండు రోజుల జాతీయ సదస్సు

భరోసా లేని ఉద్యోగాల మీద మన ఆచార్యులకు ఉన్నంత బెంగ ఆ ఉద్యోగాలు చేసేవాళ్లకు కూడా లేదని మొన్ననే తెలిసింది. ఓ విశ్వవిద్యాలయంలో 'అస్థిర ఉపాధి - పారిశ్రామిక సంబంధాలు' అని సదస్సు పెట్టారు. ఫ్లెక్సీ నిండా పెద్దమనుషుల ఫొటోలు. విషయం మాత్రం అడుగున, వెతుక్కున్నవాళ్లకు దొరికేలా. డెలిగేట్లకు కిట్టు బ్యాగు, మధ్యాహ్నం పనీరు.

కీలకోపన్యాసంలో నీతి ఆయోగ్ లెక్క వచ్చింది. దేశంలో గిగ్ కార్మికులు, అంటే డెలివరీ యాప్‌ల్లోలా పనికింత అని చేసేవాళ్లు, 2020-21లో 77 లక్షలట, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారట. ఆచార్యులవారు గట్టిగా నిట్టూర్చారు. వెంటనే శాలువా కప్పారు. పీరియడ్‌కింత అని పాఠం చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీ ఆ లెక్కలోకి రారు. పాపం, వాళ్లకు యాప్ లేదు కదా!

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసిన పత్రం ఒకటుంది. క్యాంపస్ ఊడ్చే ఏజెన్సీ కార్మికుల మీద సర్వే. ఓ కుర్రాడి చేతికి ప్రశ్నావళి ఇచ్చి పంపారు.

"అమ్మా, మీ ఉద్యోగ భద్రత గురించి ఒకటి నుంచి ఐదు దాకా ఓ అంకె చెప్పండి."

ఆమె చీపురు ఆపలేదు. ఆపితే సూపర్‌వైజర్ ఊరుకోడు. "గదేంది బిడ్డా?"

"ఒకటంటే అసలు లేదని, ఐదంటే పూర్తిగా ఉందని."

"సున్న లేదా?"

"సున్న స్కేల్లో లేదమ్మా."

"గట్లయితే ఒకటి ఎయ్యి. పీఎఫ్ అని పైసలు కోస్తున్నరు, యాడ కడుతున్నరో జర అడిగి చెప్తవా?"

"అది మా పరిశోధన పరిధిలోకి రాదు."

"మరి నీది పర్మినెంటేనా?"

కుర్రాడు నీళ్లు నమిలాడు. అదే డిపార్ట్‌మెంట్‌లో అతను గెస్ట్ లెక్చరర్. ఎదురు ప్రశ్నకు ప్రశ్నావళిలో గడి లేదు. ఆమే జాలిపడింది. "ఫికర్ చెయ్యకు, నీకు గూడ ఒకటే ఎయ్యి."

ఈ చివరి సమాధానాన్ని శాంపిల్ నుంచి తీసేశారు. పరిశోధకుడు పరిశోధితుడు కాకూడదట.

2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. అప్పటికి వీళ్లకు నెలకు 30 వేలు, అదే పాఠం చెప్పే రెగ్యులర్ సారుకు 1.36 లక్షలు. సభల్లో 'గురుర్బ్రహ్మ' చదివితే సరిపోదని కోర్టు మొహం మీదే చెప్పింది. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016లో పంజాబ్ కేసులోనే అంది. సదస్సులో రెండు తీర్పులూ స్లైడ్ల మీద మెరిశాయి. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో గెస్టుల రెన్యువల్ ఫైలు టేబుల్ మీద తొక్కిపెట్టినవాళ్లూ ఉన్నారు.

ఆ రెండు రోజులూ రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చున్నదెవరు? అతిథులకు స్టేషన్ నుంచి కార్లు పంపిందెవరు? మైకు పట్టుకుని పరుగెత్తిందెవరు? గెస్ట్ లెక్చరర్లే. సదస్సని క్లాసులు రద్దు చేశారు. క్లాసు లేదు కాబట్టి పీరియడ్ లేదు, పీరియడ్ లేదు కాబట్టి బిల్లు లేదు. శ్రమ దోపిడీ మీద సదస్సుకు ఉచిత చాకిరీ చేయించుకున్నారయ్యా! సిగ్గనిపించలేదా? పీహెచ్‌డీ చేసి, ఏళ్ల తరబడి మీ సిలబస్ మోసిన మనిషికి వేసవిలో జీతం ఎగ్గొట్టి, జూన్‌లో మళ్లీ డెమో క్లాసు చెప్పమంటారు. దాన్ని మీ భాషలో ఏ సిద్ధాంతం అంటారో నాకు అక్కర్లేదు. ముందు ఆ రెండు రోజుల డబ్బులు వాళ్లకివ్వండి, శాలువాల పద్దులోంచైనా సరే.